వేడినీళ్ల గది రిసోలత్

మా అమ్మ రిసోలత్ తాష్కెంట్ స్టేషన్లో వేడినీళ్ల గది చూసుకునేది. ఒకటో ప్లాట్‌ఫారం చివర ఇటుక గోడలోంచి రెండు ఇత్తడి కుళాయిలు బయటికి వచ్చి ఉండేవి. గోడకి అవతల బాయిలరు, బొగ్గు కుప్ప, మా అమ్మ. బండి ఆగీ ఆగకముందే జనం కెటిల్‌నో, డబ్బానో, సొట్టలు పడ్డ సిపాయి చెంబో పట్టుకుని ఆ కుళాయిల మీద ఎగబడేవాళ్ళు. ఆ రోజుల్లో రైలు పెట్టెల్లో వేడినీళ్ళు దొరికేవి కావు. బండి కదిలేలోగా అందరికీ నీళ్ళు అందాలి. అందకపోతే తిట్లు మా అమ్మకి, అందితే దండాలు దేవుడికి. ఎత్తైన కిటికీలు, గడియారం ఉన్న ఆ పాత స్టేషన్ గురించి పెద్ద పెద్దవాళ్ళు పుస్తకాలు రాశారు. ఎవరు ఎప్పుడు కట్టించారో, ఏ పెద్దమనిషి ఏ మెట్టు మీద నిలబడి ఉపన్యాసం ఇచ్చాడో అన్నీ ఉంటాయి వాటిల్లో. వేడినీళ్ల గది గురించి ఒక్క ముక్క ఉండదు. ఒళ్ళు మండి నేను రాస్తున్నాను.

ఒక సంగతి ముందే చెప్పేస్తాను. నేను ఆవిడ కడుపున పుట్టలేదు. యుద్ధం రోజుల్లో పడమటి ఊళ్ళ నుంచి వచ్చే రైళ్ళు మనుషుల్ని తెచ్చి మా స్టేషన్ ముందు మైదానంలో దింపేసి పోయేవి. మూటల మీద ముసలివాళ్ళు, వాళ్ళ ఒళ్ళో పిల్లలు. ఎవరూ లేని పిల్లలది వేరే ఒక వరస. ఊళ్ళో ఆడవాళ్ళు వచ్చి ఆ వరసలోంచి ఒకరినో ఇద్దరినో చెయ్యి పట్టుకుని ఇంటికి తీసుకుపోయేవాళ్ళు. మా అమ్మ బాయిలరు బూడిద పారబొయ్యడానికని తట్టతో బయటికెళ్ళి, తట్ట అక్కడే వదిలేసి, నన్ను చంకనేసుకుని తిరిగొచ్చింది. నాకు మూడేళ్ళుంటాయనుకున్నారు. పేరడిగితే బిక్కమొహం వెయ్యడం తప్ప మాట లేదు.

అప్పటికి అమ్మకి పుట్టిన పిల్లలు ఒక్కరూ దక్కలేదు. ఆవిడ భర్త ఉమర్జోక్ రైలు చక్రాలు సుత్తితో కొట్టి చూసే పనివాడు. యుద్ధానికి వెళ్ళి మనిషి రాలేదు, కాగితం వచ్చింది. పిల్లలు దక్కని ఇళ్ళల్లో మావాళ్ళు 'నిలవాలి' అన్న అర్థం వచ్చే పేరు పెడతారు. అలా నేను తుర్సునోయ్‌నయ్యాను.

నా తల గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే కథంతా దాని మీదే నడిచింది. నుదుటి పైన, పాపిడి మొదట్లో నాకొక సుడి ఉంది. ఎంత దువ్వినా అక్కడ ఒక కుచ్చు నిటారుగా లేచి నిలబడేది. అమ్మ పుల్ల పెరుగు పట్టించి తలంటేది. రోజూ పొద్దున అరచెయ్యి తడిచేసుకుని ఆ కుచ్చుని అణిచేది. అది అణిగేది కాదు.

"జుట్టుకి కూడా నీ పొగరే వచ్చిందే," అనేది.

యుద్ధం అయిపోయింది. సంతోషించాల్సింది పోయి, మా వీధి ఆడవాళ్ళకి కొత్త భయం పట్టుకుంది. పిల్లల్ని వెతుక్కుంటూ తల్లులు రావడం మొదలైంది. మాస్కో బండి దిగి, చేతిలో ఫొటో పట్టుకుని కనపడ్డ ప్రతివాళ్ళనీ అడిగేవాళ్ళు. మా పక్కింటి పిల్లవాణ్ణి అలాగే ఒకావిడ వచ్చి తీసుకుపోయింది. న్యాయంగానే తీసుకుపోయింది, ఎవరూ కాదనలేదు. కానీ వాణ్ణి పెంచినావిడ ఆ తర్వాత చాలారోజులు భోజనానికి రెండు గిన్నెలు తెచ్చి, గుర్తొచ్చి ఒకటి లోపల పెట్టేసేది. అప్పణ్ణించి కొత్త ఆడమనిషి కనిపిస్తే చాలు, మా వీధిలో పిల్లల్ని లోపలికి లాగి తలుపులేసేవాళ్ళు. కబురు చేర్చే పని జుమ్రాద్ పెద్దమ్మది. ఆవిడ మా వాకిట్లోనే ఇంకో గదిలో ఉండేది, స్టేషన్లో సామాన్ల గదిలో పనిచేసేది. బండి దిగిన ప్రతి పెట్టే ముందు ఆవిడ దగ్గరికే వచ్చేది.

ఇక ఆ రోజు సంగతి. కొంత నేను చూసింది, మిగతాది పెద్దమ్మ తిడుతూ చెప్పింది.

మల్బరీ పళ్ళు రాలే రోజులు. ఎండ బాగా కాస్తోంది. రొట్టె ఇంకా రేషన్లోనే ఉంది. మాస్కో బండి దిగి ఒకావిడ సామాన్ల గదికి వచ్చింది. మండుటెండలో ఉన్ని కోటు, తలకి రుమాలు, తాడుతో కట్టిన చెక్కపెట్టె. పెట్టె అప్పజెప్పి, యుద్ధంలో వచ్చిన పిల్లల పేర్లు ఉండే ఆఫీసు ఎక్కడ అని అడిగింది.

పెద్దమ్మ దారి చెప్పింది. ప్లాట్‌ఫారం చివరిదాకా వెళ్ళి పట్టాలు దాటమంది. నిజానికి ఆ ఆఫీసు ఉన్నది సరిగ్గా దానికి ఎదురు దిక్కున. అలాంటి తల్లులందరికీ పెద్దమ్మ ఆ దారే చెప్పేది. తిరిగి తిరిగి అలిసిపోయి తర్వాతి బండెక్కి పోతారని ఆవిడ ఆశ.

ప్లాట్‌ఫారం చివర ఉన్నది మా అమ్మ.

ఆవిడ కుళాయి దగ్గరికి వచ్చి, కోటు జేబులోంచి మగ్గు తీసి, నీళ్ళు పట్టుకోబోయి అక్కడే మెట్టు మీద ఒరిగిపోయింది. అమ్మ పరుగెత్తుకొచ్చి లేపింది. ఒంట్లో బరువే లేదు. ఎవరు నువ్వు, ఎందుకొచ్చావు అని ఒక్క మాట అడిగి ఉంటే సరిపోయేది. కానీ మావాళ్ళు అడగరు. ఇంటికి పిలిచిన మనిషిని రొట్టె తిని టీ తాగకముందే పనేమిటని అడిగితే, పొమ్మన్నట్టే. ఊళ్ళో మిగతా ఆడవాళ్ళు ఆ అలవాటు ఎప్పుడో కట్టిపెట్టారు, భయం నేర్పింది. అమ్మకి మాత్రం భయం వేరు, అలవాటు వేరు. బాయిలరు తోటి పనివాడికి అప్పజెప్పి, ఆవిణ్ణి భుజానికి ఆనించుకుని, పట్టాల మీది వంతెన దాటించి తిన్నగా ఇంటికి తీసుకొచ్చింది.

తోటి పనివాడు ఊరుకుంటాడా, సామాన్ల గది దగ్గర నోరు జారాడు. "మీ రిసోలత్ ఎవర్నో రష్యన్ ఆవిణ్ణి ఇంటికి తీసుకుపోయింది. పాపం, ఈ ఎండలో ఉన్ని కోటు." పెద్దమ్మ కిటికీ తలుపు దించేసి పరుగెత్తింది.

వచ్చేసరికి ఆవిడ పందిరి కింద చెక్క అరుగు మీద కూర్చుని ఉంది. అమ్మ కూజాతో ఆవిడ చేతుల మీద నీళ్ళు పోస్తోంది. మొహం కడుక్కోడానికని ఆవిడ రుమాలు తీసేసింది. నుదుటి పైన, పాపిడి మొదట్లో, ఒక కుచ్చు నిటారుగా లేచి ఉంది.

అమ్మ చేతిలో కూజా వంగే ఉంది. నీళ్ళు ఆవిడ చేతుల మీంచి కారి, అరుగు మీంచి కారి, కూజా ఖాళీ అయ్యింది. అయినా అమ్మ వంచే ఉంచింది.

"రిసోలత్, ఆ తల చూశావా?" అంది పెద్దమ్మ మా భాషలో. ఆవిడకి మా భాష రాదు.

"చూశాను."

"అయితే కూజా దించు. కాస్త నవ్వు మొహం పెట్టు, మనకేసే చూస్తోంది."

అమ్మ కూజా దించింది. నవ్వింది కూడానట.

"రొట్టె ఇంకా తుంచలేదు కదా?"

"లేదక్కా."

"బతికించావు, తుంచకు. మంచినీళ్ళిచ్చి పంపించెయ్. ఇంట్లో రొట్టె లేదని చెప్పు. ఈ రోజుల్లో ఎవరింట్లో ఉంది గనక, నమ్ముతుంది."

"పొద్దున కాల్చాను."

"కాల్చింది ఒక్కటి. అది పిల్లది."

"అవును, పిల్లదే," అంది అమ్మ.

"అదిగో, మళ్ళీ ఆ మొహం. ఆవిడ ఎందుకొచ్చిందో నువ్వు అడిగావా? అడగలేదు. ఇకముందూ అడక్కు. అడగకపోతే నీకేమీ తెలియనట్టే. తెలియనిదానికి దేవుడు కూడా నిన్ను నిలదియ్యడు."

"తెలిసిపోయింది కదక్కా."

"ఏం తెలిసింది? సుడి ఉన్నవాళ్ళు ఊరినిండా ఉన్నారు. మా ఆయనకీ ఉండేది."

"మీ ఆయనది బట్టతల."

"అంతకుముందు ఉండేది."

అరుగు మీద కూర్చున్నావిడ ఇద్దరి మొహాలూ చూసి రుమాలు మళ్ళీ తలకి కట్టుకుంది. "మీకు ఇబ్బందిలా ఉంది. నేను బయల్దేరతాను," అంది రష్యన్లో. అమ్మకి స్టేషన్లో నేర్చుకున్న రష్యన్ వచ్చు. కూర్చోమంది.

పెద్దమ్మ ఊరుకునే మనిషి కాదు. టీ తనే పోసింది. మాలో చుట్టానికి గిన్నెలో సగానికి తక్కువ పోస్తాం. అది గౌరవం, ఉండు, మళ్ళీ మళ్ళీ పోస్తాం అని. నిండా పోశామంటే తాగి లెమ్మని. పెద్దమ్మ గిన్నె అంచుదాకా పోసి, చిందకుండా రెండు చేతులతో పట్టుకుని ఆవిడకి ఇచ్చింది. మావాళ్ళెవరైనా అయితే అక్కడికక్కడే లేచి చెప్పులేసుకునేవాళ్ళు. ఆవిడ ఆ గిన్నెలోకి చూసి, కళ్ళు తుడుచుకుంది.

"ఇంత నిండుగా నాకెవరూ పొయ్యలేదు, ఎన్నాళ్ళయిందో," అంది.

పెద్దమ్మ ఎత్తు తిరగబడింది. ఆ సందులో అమ్మ రొట్టె తీసి, తుంచి, ఆవిడ ముందు పెట్టేసింది. ఇక అయిపోయింది. తన చేత్తో తుంచిన రొట్టె తిన్న మనిషికి అబద్ధం చెప్పడం మా అమ్మ వల్ల అయ్యే పని కాదని పెద్దమ్మకి తెలుసు.

"నువ్వు నీ చుట్టాన్ని చూసుకో. నా పని నేను చూసుకుంటాను," అని లేచి వెళ్ళిపోయింది.

నేను అప్పటికి బడి గోడ పక్కన మల్బరీ చెట్టు మీద ఉన్నాను. మూతీ చేతులూ నల్లగా.

"దిగవే," అంది పెద్దమ్మ కింద నుంచి.

"అమ్మ పంపిందా?"

"పంపింది. సామాన్ల గదిలో కూర్చోమంది. సాయంత్రం బండికి యాంగియూల్‌లో మా చెల్లెలింటికి వెళ్తున్నావు. రెండు రోజులు ఆడుకుని రా."

సామాన్ల గది గడప కూడా తొక్కనిచ్చేది కాదు ఆవిడ నన్ను. ఆ రోజు తనే చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకెళ్ళి, అరల వెనక, తాడు కట్టిన ఒక చెక్కపెట్టె మీద కూర్చోబెట్టింది.

"మీ అమ్మ వచ్చి తన నోటితో రమ్మనేదాకా కదిలావంటే కాళ్ళు విరగ్గొడతాను."

"అమ్మ కూడా ఊరికి వస్తోందా?"

"వస్తుంది, తర్వాత." నా వైపు చూడకుండా అంది. నాకు భయం వేసింది. ఎందుకో తెలియని భయం, కాళ్ళు పైకి ముడుచుకుని కూర్చున్నాను. ఆ పెట్టె ఎవరిదో నాకప్పుడు తెలియదు. పెద్దమ్మకి తెలుసు, కానీ ఆ హడావిడిలో చూసుకోలేదు.

ఇంట్లో టీ అయింది. అడక్కుండానే ఆవిడ చెప్పడం మొదలుపెట్టింది. పేరు అగ్నియా. లెనిన్‌గ్రాద్ మనిషి. యుద్ధంలో పిల్లని తీసుకుని రైలెక్కింది. దారిలో ఏదో స్టేషన్లో బండి ఆగితే, పిల్లకి తాగడానికి వేడినీళ్ళు పడదామని మగ్గు తీసుకుని దిగింది. కుళాయి దగ్గర పెద్ద వరస. నీళ్ళు పట్టుకుని వెనక్కి తిరిగేసరికి పట్టాల మీద బండి లేదు.

"అప్పణ్ణించి ఏ ఊళ్ళో దిగినా ముందు వేడినీళ్ల కుళాయి దగ్గరికే వెళ్తాను. పిచ్చిదాన్ని అనుకుంటారు," అంది. ఆ మగ్గు అరుగు మీద ఉంది.

ఆ మాటలు మా అమ్మకి ఎక్కడ తగిలి ఉంటాయో నాకు తెలుసు. కుళాయి దగ్గర ఆలస్యమై బండి తప్పినవాళ్ళు ప్లాట్‌ఫారం మీద పరుగెత్తడం ఆవిడ ఎన్నిసార్లు చూసిందో. అమ్మ మాత్రం, "మా అమ్మాయి బడి నుంచి వచ్చే వేళయింది. వచ్చాక మాట్లాడుకుందాం," అంది.

ఇద్దరూ వీధి తలుపు వైపు చూస్తూ కూర్చున్నారు. నేను రాలేదు. పక్కింటి పిల్లలు వచ్చారు, ఎదురింటి పిల్లలు వచ్చారు. బడి నుంచి మా ఇంటికి రావాలంటే పట్టాలు దాటాలి. పిల్లలు వంతెన ఎక్కరు, ఎంత చెప్పినా పట్టాల మీంచే అడ్డంగా వస్తారు. ఇంతలో యార్డు వైపు ఇంజను ఆగకుండా కూత పెట్టింది. అమ్మ లేచి చెప్పుల్లేకుండా పరుగెత్తింది. అగ్నియా వెనకాలే పరుగెత్తింది.

"పేరేమిటి? పిల్ల పేరేమిటి?"

"తుర్సునోయ్."

పిల్లని ఎలా వెతకాలో అగ్నియాకి ఎవరూ చెప్పక్కర్లేదు. నిలబడ్డ రైలు పెట్టెల కింద వంగి చూసింది. బెంచీల వెనక చూసింది. కనపడ్డ ప్రతి పిల్లనీ ఆపి అడిగింది. అన్నిటికంటే ముందు కుళాయిల దగ్గరికే వెళ్ళింది. స్టేషన్ పెద్ద హాల్లో ఆవిడ గొంతు గోడలకి తగిలి నా దాకా వచ్చింది. పరాయి యాసలో, నా పేరు వంకరగా పలుకుతూ. ఆ గొంతు వినగానే నాకేదో గుర్తొచ్చిందని చెప్పించాలని తర్వాత చాలామంది చూశారు. ఏమీ గుర్తు రాలేదు. ఎవరో కొత్తావిడ నన్ను పిలుస్తోంది, నేను బిగుసుకుపోయి కూర్చున్నాను, అంతే.

అమ్మ సామాన్ల గది కిటికీ దగ్గరికి వచ్చింది. తల మీద రుమాలు లేదు. "అక్కా, పిల్ల ఇంటికి రాలేదు. యార్డులో ఇంజను..." మాట పూర్తికాలేదు.

పెద్దమ్మ బల్ల మీదికి వంగి మెల్లగా అంది. "నా దగ్గరే ఉంది. అరవకు. సాయంత్రం బండికి మా చెల్లెలింటికి పంపిస్తాను. ఆవిణ్ణి వెతకనీ. వెతికి వెతికి పోతుంది."

అరల సందులోంచి నాకు అమ్మ మొహం సగమే కనిపిస్తోంది. ఒక్కసారిగా ఊపిరి వదిలి, బల్ల పట్టుకుని నిలబడింది. ఆ క్షణం ఆవిడ ఏమీ చెయ్యక్కర్లేదు. నోరు మూసుకుంటే చాలు. నేను ఆవిడ దగ్గరే ఉండిపోతాను, అడిగేవాళ్ళు లేరు. బయట అగ్నియా ఇంకా పిలుస్తూనే ఉంది. గొంతు జీరపోయింది.

"వింటున్నావా అక్కా?" అంది అమ్మ.

"వింటున్నా. అందుకే నోరు మూసుకోమంటున్నా."

"తన పిల్ల కోసం కాదక్కా అరుస్తోంది. నా పిల్ల కోసం అరుస్తోంది."

పెద్దమ్మ బల్ల మీంచి వెనక్కి జరిగింది.

"తుర్సునోయ్," అంది అమ్మ. "బయటికి రామ్మా."

తన నోటితో రమ్మంది కాబట్టి నేను బల్ల కింద నుంచి దూరి వచ్చాను. అమ్మ నేల మీద కూలబడి నన్ను వీపు మీద రెండు దెబ్బలేసి, గట్టిగా పట్టుకుని ఏడ్చింది. అగ్నియా మా వైపు పరుగెత్తుకుంటూ వస్తోంది. పిల్ల దొరికిందన్న సంతోషంతో నవ్వుతోంది కూడా. అమ్మ అలవాటు చొప్పున అరచేత్తో కళ్ళు తుడుచుకుని, ఆ తడిచేత్తోనే నా కుచ్చుని అణచబోయింది. చెయ్యి నా తల దాకా వచ్చింది. ఆగింది. ఆవిడ ఆ చెయ్యి వెనక్కి తీసేసుకుని, నా భుజాలు పట్టుకుని నన్ను అటు తిప్పింది.

అగ్నియా అక్కడే నిలబడిపోయింది. నవ్వు మొహం మీదే ఉంది, తీసెయ్యడం మర్చిపోయినట్టు. తర్వాత నెమ్మదిగా తన తల మీది రుమాలు తీసింది. "తాస్యా," అంది. నేను అమ్మ వెనక్కి వెళ్ళి దాక్కున్నాను.

ఆ తర్వాతి రోజులు ఎలా గడిచాయో చెప్పను. చెప్పడానికి బాగుండవు. ఆవిడ మా ఇంట్లోనే ఉంది. నాకు రష్యన్ రాదు, ఆవిడకి మా భాష రాదు. ఒకరోజు దువ్వెన పట్టుకుని దగ్గరికి వస్తే చెయ్యి కొరికేశాను. ఆఫీసువాళ్ళు పిల్ల తల్లిదే అన్నారు. ఎవరు మాత్రం కాదంటారు. అమ్మ నాకు కొత్త గౌను కుట్టింది, మేజోళ్ళు అల్లింది, ఏడవలేదు. రోజూ డ్యూటీకి వెళ్ళొచ్చింది. పెద్దమ్మ మాత్రం గిన్నెలు విసిరికొట్టేది.

ప్రయాణం రోజు అమ్మ తెల్లవారుతూనే రొట్టె కాల్చింది. అది ఎందుకో నాకు తెలుసు. మా ఇళ్ళల్లో దూరం వెళ్ళేవాళ్ళు రొట్టె అంచున ఒక్క ముక్క కొరికి ఇచ్చి వెళ్తారు. మిగతాది ఇంట్లో గోడకి వేలాడదీస్తారు. తిరిగొచ్చి దాన్ని వాళ్ళే తినాలి. అది గోడ మీద ఉన్నంతకాలం వాళ్ళ రాకకి లోటుండదని నమ్మకం. ఉమర్జోక్ కొరికిన రొట్టె మా గోడకి ఇంకా వేలాడుతూనే ఉంది, రాయిలా గట్టిపడిపోయి. నాకు బుద్ధి తెలిసిన దగ్గర్నుంచి దాన్ని చూస్తూనే ఉన్నాను. నా లెక్కలో కొరికినవాళ్ళు వెళ్ళిపోతారు, అంతే.

పొద్దున ఇంట్లో కొరకలేదు. గుమ్మం దగ్గర కొరకలేదు. ప్లాట్‌ఫారం మీద, రైలు పెట్టె మెట్ల దగ్గర, అమ్మ రొట్టె నా నోటికి ఆనించింది. నేను పళ్ళు బిగించాను.

"ఒక్క ముక్కే తల్లీ. కొరికి ఇయ్యి."

తల అడ్డంగా ఊపాను.

"కొరక్కపోతే మళ్ళీ ఎలా వస్తావే? నా మాట విను. బండి కదుల్తుంది."

"మనుషుల్ని కొరుకుతుంది, రొట్టె కొరకదు," అంది పెద్దమ్మ. అని, మొహం పక్కకి తిప్పుకుంది.

మొదటి గంట కొట్టారు. నా మూట పెట్టెలో ఉంది. అమ్మ నన్ను బతిమాలడం నేను అంతకుముందు ఎప్పుడూ చూడలేదు. రొట్టె అంచు నా పెదవులకి గుచ్చుకుంటోంది. నాకు ఏడుపొస్తోంది, కానీ ఏడవడానికి నోరు తెరిస్తే రొట్టె లోపలికి వెళ్తుందని ముక్కుతోనే ఏడుస్తున్నాను.

అగ్నియా మెట్ల మీంచి దిగి వచ్చింది. "ఆకలి లేదేమో. ఎందుకు బలవంతం చేస్తున్నారు?"

"ఆకలికి కాదు," అంది అమ్మ తన స్టేషన్ రష్యన్లో. "కొరికినవాళ్ళు తిరిగొస్తారు. ఇది కొరకడం లేదు."

"ఎందుకు?"

"కొరికితే వెళ్ళాలి కదా. వెళ్ళనంటోంది."

అగ్నియా నా మొహంలోకి చూసింది. మూసిన నా నోటి వైపు చూసింది. రెండో గంట కొట్టారు. ఆవిడ పెట్టెలోకి ఎక్కి, నా మూట తీసుకుని దిగి, దాన్ని పెద్దమ్మ చేతుల్లో పెట్టింది. అమ్మ చేతిలోంచి రొట్టె తీసుకుంది. అంచున, నా పెదవుల తడి ఉన్న చోటనే, ఒక్క ముక్క కొరికింది.

"అక్కడ ఉద్యోగం వదిలించుకోవాలి. వెంటనే వదలరు," అంది నములుతూనే, మాట సరిగ్గా రాకుండా. "నేను వస్తాను. దీన్ని ఎవరినీ తిననివ్వకండి."

బండి కదిలింది. అమ్మకి అప్పుడు గుర్తొచ్చింది. అగ్నియా మగ్గుని తను ముందే వేడినీళ్ళతో నింపి, గుడ్డ చుట్టి పక్కన పెట్టుకుంది, దారిలో దిగే పని లేకుండా. దాన్ని పట్టుకుని పెట్టె పక్కన పరుగెత్తి అందించింది. "దిగకండి," అని అరిచింది. "నీళ్ళకోసం ఎక్కడా దిగకండి."

ఆ రొట్టె ఉమర్జోక్ రొట్టె పక్కన మేకుకి ఎక్కింది. అది ఆకలి ఏడాది. ఊళ్ళో రొట్టె ముక్క కోసం కొట్టుకునే రోజులు. పెద్దమ్మ వచ్చినప్పుడల్లా అదే మాట. "దాన్ని నానబెట్టి పిల్లకి పెట్టు. లేకపోతే కోళ్ళకెయ్. అది ఉంటేనే కదా ఆవిడ వచ్చేది." అమ్మ మాత్రం డ్యూటీ నుంచి రాగానే చేతులు కడుక్కోకముందే దాన్ని తడిమి చూసేది. వానలకి బూజు పడుతుందని పొయ్యి గోడకి మార్చింది, ఎలకల కోసం దారం పొడుగు తగ్గించింది, చీమలకి బూడిద గీత గీసింది. అది రాలిపోతే బాగుండునని మా అమ్మ లోపల ఎప్పుడైనా అనుకుందేమో నాకు తెలియదు. అనుకునే ఉంటుంది, మనిషే కదా. కానీ దాన్ని కాపాడింది ఆవిడే. నన్ను పెంచినందుకు కాదు, ఆ రొట్టెని కాపాడినందుకు నేను ఆవిడకి దణ్ణం పెడతాను.

కుళాయిల దగ్గర కూడా ఒక మార్పు వచ్చింది. బండి ఆగగానే అమ్మ కిటికీలోంచి తల బయటపెట్టి, "పెట్టెలో పిల్లల్ని వదిలొచ్చినవాళ్ళు ముందుకి రండి," అని రెండు భాషల్లోనూ కేకేసేది. వెనకవాళ్ళు సణిగితే వాళ్ళ కెటిల్లో చన్నీళ్ళు పోస్తానని బెదిరించేది. ఆ గది పడగొట్టేదాకా అదే పద్ధతి.

మరుసటి ఏడు, పుచ్చకాయలు బండ్లకొద్దీ వచ్చే రోజుల్లో, ఒక సాయంత్రం అమ్మ ఇంటికి వచ్చింది. వెనక అగ్నియా ఉంది, తాడు కట్టిన చెక్కపెట్టెతో. అమ్మ గోడ మీంచి రొట్టె దించింది. గిన్నెలో పెట్టి వేడినీళ్ళు పోసింది. అది నానడానికి చాలాసేపు పట్టింది. మేమందరం దాని చుట్టూ కూర్చుని చూస్తూ ఉన్నాం. నానాక అగ్నియా దాన్ని రవ్వ కూడా మిగలకుండా తింది. ఒక్క ముక్కయినా నాకు పెట్టలేదు. పెట్టకూడదని ఆవిడకి ఎవరు చెప్పారో మరి.

టీ పోసింది జుమ్రాద్ పెద్దమ్మ. గిన్నె అందుకుని అగ్నియా లోపలికి చూసింది. సగం కూడా లేదు.

"ఇంతేనా?" అంది, పాపం, బెదురుగా.

"తాగు," అంది పెద్దమ్మ. "మళ్ళీ పోస్తాను. ఎక్కడికి పోతావ్ గనక."